ఫ్లోరిడా స్టేట్ 2024 ఫుట్‌బాల్ సీజన్: 2-10 ఎలా వచ్చింది? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, అక్కడి ఉద్యోగులు, ఇక్కడి నుంచి తెల్లవారుజామున లేచి మ్యాచ్‌లు చూసేవాళ్లు ఈ సీజన్ గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కాలేజ్ ఫుట్‌బాల్ కొత్త అయినవాళ్లు మొదటి నుంచి చదవండి. ఆట తెలిసినవాళ్లు నేరుగా "అసలు దెబ్బ ఎక్కడ పడింది?" అన్న ప్రశ్నకు వెళ్లిపోవచ్చు.

ఇది ఏ ఫుట్‌బాల్? ఏ జట్టు?

ఇది అమెరికన్ ఫుట్‌బాల్. జట్టు ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీది. రాష్ట్ర రాజధాని టల్లహాసీలో ఉంటుంది. జట్టు పేరు సెమినోల్స్, రంగులు గార్నెట్, గోల్డ్. సొంత మైదానం డోక్ క్యాంప్‌బెల్ స్టేడియం. 1993, 1999, 2013లో జాతీయ ఛాంపియన్లు. 1987 నుంచి 2000 వరకు వరసగా 14 సీజన్లు దేశంలో మొదటి అయిదు జట్లలో ఒకటిగా ముగించిన చరిత్ర వీళ్లది. అలాంటి జట్టు కాబట్టే 2-10 అంటే అంత కలకలం. చిన్న కాలేజీ ఓడితే ఆ ఊళ్లో మాట్లాడుకుంటారు, ఫ్లోరిడా స్టేట్ ఓడితే దేశమంతా మాట్లాడుకుంటుంది.

2-10 (1-7) అని రాస్తారు. ఎలా చదవాలి?

ముందు గెలుపులు, తర్వాత ఓటములు. మొత్తం 12 మ్యాచ్‌ల్లో 2 గెలిచి 10 ఓడారని మొదటి అంకె. బ్రాకెట్లో ఉన్నది కాన్ఫరెన్స్ రికార్డు, అంటే తమ లీగ్ జట్లతో ఆడిన 8 మ్యాచ్‌ల్లో 1 గెలుపు, 7 ఓటములు. శాతం కావాలంటే గెలుపుల్ని మ్యాచ్‌ల సంఖ్యతో భాగించాలి. మొత్తం మీద .167, కాన్ఫరెన్స్‌లో .125. అమెరికా పత్రికలు వందతో గుణించవు, మూడు దశాంశాలు అలాగే వేస్తాయి.

డ్రా గురించి కొందరు అడుగుతారు. కాలేజ్ ఫుట్‌బాల్‌లో 1996 నుంచి డ్రాలు లేవు. స్కోరు సమమైతే ఓవర్‌టైమ్ ఆడతారు. అందుకే రెండు అంకెలే ఉంటాయి.

మొత్తం 12 మ్యాచ్‌ల ఫలితాలు వరసగా ఇస్తారా?

ఫ్లోరిడా స్టేట్ స్కోరు ముందు రాశాం.

ఆగస్టు 24, జార్జియా టెక్ (డబ్లిన్, ఐర్లండ్): 21-24, ఓటమి
సెప్టెంబరు 2, బోస్టన్ కాలేజ్ (సొంత మైదానం): 13-28, ఓటమి
సెప్టెంబరు 14, మెంఫిస్ (సొంత మైదానం): 12-20, ఓటమి
సెప్టెంబరు 21, కాలిఫోర్నియా (సొంత మైదానం): 14-9, గెలుపు
సెప్టెంబరు 28, ఎస్‌ఎంయూ (బయట): 16-42, ఓటమి
అక్టోబరు 5, క్లెమ్సన్ (సొంత మైదానం): 13-29, ఓటమి
అక్టోబరు 18, డ్యూక్ (బయట): 16-23, ఓటమి
అక్టోబరు 26, మయామీ (బయట): 14-36, ఓటమి
నవంబరు 2, నార్త్ కరోలినా (సొంత మైదానం): 11-35, ఓటమి
నవంబరు 9, నోటర్ డేమ్ (బయట): 3-52, ఓటమి
నవంబరు 23, చార్ల్స్‌టన్ సదరన్ (సొంత మైదానం): 41-7, గెలుపు
నవంబరు 30, ఫ్లోరిడా (సొంత మైదానం): 11-31, ఓటమి

సొంత మైదానంలో 2-5, ప్రత్యర్థి మైదానాల్లో 0-4. మిగిలింది డబ్లిన్ మ్యాచ్. దానికి పేరుకు ఆతిథ్య జట్టు జార్జియా టెక్, మైదానం మాత్రం ఇద్దరిదీ కాదు. కొన్ని పట్టికలు దాన్ని "బయట"లో కలిపేస్తాయి. మీరు చూసే పట్టికలో 0-5 కనిపిస్తే కారణం అదే, తప్పు లెక్క కాదు.

వీటిలో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఏవి? నోటర్ డేమ్ లెక్కలోకి ఎందుకు రాదు?

ఫ్లోరిడా స్టేట్ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఉంది. అందరూ ఏసీసీ అంటారు. జార్జియా టెక్, బోస్టన్ కాలేజ్, కాలిఫోర్నియా, ఎస్‌ఎంయూ, క్లెమ్సన్, డ్యూక్, మయామీ, నార్త్ కరోలినా: ఈ ఎనిమిదే కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు.

కొత్తవాళ్లు రెండు చోట్ల తడబడతారు. ఒకటి, నోటర్ డేమ్. బాస్కెట్‌బాల్ లాంటి చాలా ఆటల్లో అది ఏసీసీ సభ్యురాలే, ఫుట్‌బాల్‌లో మాత్రం ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరకుండా స్వతంత్రంగా ఆడుతుంది. ఏటా ఏసీసీ జట్లతో కొన్ని మ్యాచ్‌లు ఆడే ఒప్పందం ఉంది, ఆ ఫలితాలు ఏసీసీ పట్టికకు ఎక్కవు. కాబట్టి 52-3 ఓటమి మొత్తం రికార్డులో ఉంటుంది, 1-7లో ఉండదు. రెండు, కాలిఫోర్నియా, ఎస్‌ఎంయూ. పాత పట్టికలు గుర్తున్నవాళ్లకు ఇవి బయటి జట్లలా అనిపిస్తాయి. స్టాన్‌ఫర్డ్‌తో కలిసి ఈ రెండూ 2024లోనే ఏసీసీలో చేరాయి. దాంతో లీగ్‌లో జట్లు 17 అయ్యాయి.

ఫ్లోరిడాతో మ్యాచ్ ఏటా సీజన్ చివర జరిగే పాత వైరం. ఆ జట్టు ఎస్‌ఈసీ అనే మరో కాన్ఫరెన్స్‌లో ఉంది కనుక అదీ కాన్ఫరెన్స్ లెక్క కాదు. కాన్ఫరెన్స్ బయట ఆడిన నాలుగింటిలో ఫ్లోరిడా స్టేట్ ఫలితం 1-3.

ఏసీసీ పట్టికలో ఏ స్థానం?

చివరిది. 17లో 17. పక్కన తోడుగా ఇంకో జట్టు కూడా లేదు. పూర్తి పట్టిక చూస్తే ఎంత అడుగున ఉన్నారో తెలుస్తుంది. ఎస్‌ఎంయూ 8-0, క్లెమ్సన్ 7-1, మయామీ 6-2. తర్వాత 5-3తో సిరాక్యూస్, డ్యూక్, జార్జియా టెక్, లూయివిల్. 4-4తో వర్జీనియా టెక్, బోస్టన్ కాలేజ్. 3-5తో నార్త్ కరోలినా, నార్త్ కరోలినా స్టేట్, పిట్స్‌బర్గ్, వర్జీనియా. 2-6తో వేక్ ఫారెస్ట్, కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డ్. ఆ కింద ఫ్లోరిడా స్టేట్.

ఐపీఎల్ పట్టికకు అలవాటు పడినవాళ్లు ఇక్కడ నెట్ రన్‌రేట్ లాంటిది వెతుకుతారు. లేదు. గెలుపుకు రెండు పాయింట్లు అన్న పద్ధతీ లేదు. గెలుపు శాతమే వరస. ఫైనల్ చోటు కోసం ఇద్దరు సమానంగా నిలిస్తే ముందు వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ చూస్తారు, అది లేకపోతే ఇద్దరూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థులపై ఫలితాలు చూస్తారు. ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారన్నది అడగరు. అందుకే 3 పాయింట్లతో ఓడినా 26 పాయింట్లతో ఓడినా పట్టికలో ఒకటే.

2023 నుంచి ఏసీసీలో డివిజన్లు కూడా లేవు. మొత్తం పట్టికలో మొదటి రెండు జట్లు షార్లెట్‌లో ఫైనల్ ఆడతాయి. 2024లో మయామీ చివరి రోజు సిరాక్యూస్ చేతిలో 42-38తో ఓడిపోవడంతో ఆ చోటు క్లెమ్సన్‌కు దక్కింది. డిసెంబరు 7న ఆఖరి క్షణంలో 56 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నడం, 3 పాయింట్లు) కొట్టి క్లెమ్సన్ 34-31తో ఎస్‌ఎంయూని ఓడించింది. ఫ్లోరిడా స్టేట్ ఆ ఇద్దరు ఫైనలిస్టులతోనూ ఆడి ఓడింది, మయామీతోనూ ఓడింది. అంటే లీగ్‌లో పైనున్న ముగ్గురూ వాళ్ల షెడ్యూల్లో పడ్డారు. కష్టమైన వరసే. కాకపోతే 4-4 జట్టు చేతిలోనూ 3-5 జట్టు చేతిలోనూ సొంత మైదానంలో ఓడారు కాబట్టి షెడ్యూల్ మీద నెపం వేయడానికి లేదు.

సీజన్ ముందు అంచనాలు ఎలా ఉన్నాయి?

అసోసియేటెడ్ ప్రెస్ పోల్‌లో (దేశవ్యాప్తంగా క్రీడా విలేకరులు వేసే ఓట్లతో తేలే ర్యాంకులు) 10వ ర్యాంకు. ఏసీసీ గెలిచేది ఫ్లోరిడా స్టేట్ అనే లీగ్‌ను కవర్ చేసే విలేకరుల ఓటింగ్‌లోనూ తేలింది. 2023లో 13 మ్యాచ్‌లు వరసగా గెలిచి ఏసీసీ టైటిల్ కొట్టిన జట్టు మరి. ఆ ఏడు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ప్రధాన ఆటగాడు) జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. ఓటమి లేని జట్టయినా జాతీయ ఛాంపియన్‌ను తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు కమిటీ తీసుకోలేదు. పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా బయట ఉండిపోవడం ఆ ప్లేఆఫ్ చరిత్రలో అదే మొదలు. తర్వాత, సీజన్ ముగిశాక ఆడే ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో చాలామంది ముఖ్య ఆటగాళ్లు ఆడలేదు, జార్జియా చేతిలో 63-3తో ఓడారు. ఆ గాయం అభిమానుల్లో ఇంకా మానలేదు, మానాల్సిన అవసరమూ లేదు. అయితే 2-10కి దాన్ని కారణంగా చూపడం సరికాదు. కారణాలు మైదానంలోనే ఉన్నాయి.

13-1 నుంచి 2-10కి ఒక్క ఏడాదిలో ఏం మారింది?

మనుషులు మారారు. 2024 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఒక్క ఫ్లోరిడా స్టేట్ నుంచే 10 మంది ఎంపికయ్యారు. డిఫెన్సివ్ లైన్‌లో జారెడ్ వర్స్, బ్రేడెన్ ఫిస్క్ ఇద్దరూ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు రామ్స్‌కు వెళ్లారు. రిసీవర్లు కియాన్ కోల్‌మన్, జానీ విల్సన్, రన్నింగ్ బ్యాక్ ట్రే బెన్సన్, కార్నర్‌బ్యాక్ రెనార్డో గ్రీన్, క్వార్టర్‌బ్యాక్ ట్రావిస్ కూడా ఆ పదిమందిలో ఉన్నారు. బంతి విసిరేవాడు, పట్టేవాళ్లు, పరుగెత్తేవాడు అంతా ఒకేసారి వెళ్లిపోయారన్నమాట.

ఖాళీలు నింపడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మీద ఆధారపడ్డారు. పోర్టల్ అంటే ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే వ్యవస్థ. 2022, 2023లో కోచ్ మైక్ నార్వెల్ దాన్ని దేశంలో అందరికంటే బాగా వాడుకున్నవాళ్లలో ఒకడు. వర్స్, ఫిస్క్, కోల్‌మన్, బెన్సన్ అందరూ అలా వచ్చినవాళ్లే. చిక్కంతా అక్కడే ఉంది. హైస్కూల్ నుంచి తెచ్చి మూడేళ్లు పెంచిన ఆటగాడు వెళ్లిపోతే వెనకాల రెండో ఏడాది వాడు తయారుగా ఉంటాడు. పోర్టల్‌లో తెచ్చినవాడు వెళ్తే ఆ చోటు ఖాళీ. ప్రతి చలికాలం మళ్లీ సరిగ్గా గురి చూసి కొట్టాలి. 2024లో గురి తప్పింది. క్వార్టర్‌బ్యాక్‌గా ఒరెగాన్ స్టేట్ నుంచి వచ్చిన డీజే ఉయాంగలలే సెప్టెంబరు చివర ఎస్‌ఎంయూ మ్యాచ్‌లో చేతికి దెబ్బ తగిలి సీజన్‌కు దూరమయ్యాడు. అతను ఉన్నప్పుడే జట్టు 1-4. అతని తర్వాత కుర్రాళ్లు బ్రాక్ గ్లెన్, ల్యూక్ క్రోమెన్‌హోక్ ఆడారు.

అసలు దెబ్బ ఎక్కడ పడింది?

అఫెన్స్‌లో, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడే బృందంలో. ఒక్క లెక్క చాలు. 12 మ్యాచ్‌ల్లో చేసిన పాయింట్లు 185, సగటున 15.4. ఇచ్చినవి 336, సగటు 28. ఆ 185లో 41 చార్ల్స్‌టన్ సదరన్ మీద వచ్చాయి, అది కింది స్థాయి ఎఫ్‌సీఎస్ జట్టు. దాన్ని తీసేస్తే తమ స్థాయి జట్ల మీద 11 మ్యాచ్‌ల్లో 144, అంటే మ్యాచ్‌కు 13. మొదటి మ్యాచ్‌లో చేసిన 21 ఆ పదకొండింటిలోనూ అత్యధికం. మళ్లీ ఎప్పుడూ 16 దాటలేదు. మూడు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం, అదనపు కిక్‌తో కలిపి ఒక్కోదానికి 7) చేస్తే 21 వస్తుంది. ఆ స్థాయి జట్టుపై డబ్లిన్ తర్వాత ఒక్కసారి కూడా అంత రాలేదంటే అఫెన్స్ ఏ స్థితిలో ఉందో ఊహించుకోవచ్చు.

దీని మూలం అఫెన్సివ్ లైన్. ముందు వరసలో నిలబడే అయిదుగురు. బంతి పట్టుకునేవాళ్ల పేర్లు అందరికీ తెలుస్తాయి గానీ ఈ అయిదుగురు దారి తెరవకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఎలా పాడవుతుందో అడుగడుగునా చూద్దాం. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. మొదటి డౌన్‌లో పరుగుతో 4 గజాలు వస్తే మిగిలింది 6, రెండో డౌన్‌లో పరుగైనా పాస్ అయినా వేయొచ్చు. ఏది వస్తుందో ప్రత్యర్థికి తెలియదు. అదే మొదటి డౌన్‌లో లైన్ ఓడిపోయి 1 గజమే వస్తే రెండో డౌన్‌కు 9 కావాలి. అదీ కుదరకపోతే మూడో డౌన్‌కు 8 లేదా 9. ఇప్పుడు పాస్ తప్ప దారి లేదని స్టేడియంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్రత్యర్థి డిఫెన్స్ పరుగు గురించి ఆలోచించడం మానేసి నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదికి వస్తుంది. అతను తొందరలో విసురుతాడు, లేదా కింద పడతాడు. నాలుగో డౌన్‌కు పంట్, అంటే బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి ఇచ్చేయడం. ఆ సీజన్లో ఫ్లోరిడా స్టేట్ పరుగుతో మ్యాచ్‌కు 100 గజాలు కూడా సాధించలేదు. పరుగు లేని చోట పాస్ నిలవదు. క్వార్టర్‌బ్యాక్‌ను మార్చినా ఫలితం మారకపోవడానికి కారణం ఇది.

డిఫెన్స్ తప్పు లేదా?

ఉంది, అయితే రెండు రకాలుగా చూడాలి. కాలిఫోర్నియాను 9కి ఆపింది. మెంఫిస్ 20, డ్యూక్ 23, జార్జియా టెక్ 24 చేశాయి. 2023లో అఫెన్స్ ఆడినట్టు ఆడి ఉంటే ఈ మ్యాచ్‌లన్నీ గెలవాల్సినవే. ఎస్‌ఎంయూకు 42, మయామీకి 36, నోటర్ డేమ్‌కు 52 ఇచ్చినప్పుడు మాత్రం సాకు లేదు.

సగటు 28 మొత్తం డిఫెన్స్ ఖాతాలో వేయడం కూడా అన్యాయం. అఫెన్స్ మూడు డౌన్లలో చేతులెత్తేసి బయటికొస్తే డిఫెన్స్ రెండు నిమిషాలు కూడా కూర్చోకుండా మళ్లీ లోపలికి వెళ్లాలి. నాలుగో క్వార్టర్‌కు కాళ్లు బరువెక్కుతాయి, ట్యాకిల్ జారుతుంది. పైగా అఫెన్స్ బంతి పోగొట్టుకున్నప్పుడు ప్రత్యర్థికి గోల్ గీత దగ్గరలోనే మొదలుపెట్టే అవకాశం వస్తుంది. అక్కడి నుంచి వచ్చే పాయింట్లు కూడా డిఫెన్స్ పేరు మీదే రాస్తారు.

డ్యూక్ మ్యాచ్ గురించి ఎందుకంత చెప్తారు?

ఎందుకంటే ఆ సీజన్ మొత్తం ఆ ఒక్క మ్యాచ్‌లో కనిపిస్తుంది. అంతకు ముందు ఫ్లోరిడా స్టేట్, డ్యూక్ 22 సార్లు తలపడితే 22 సార్లూ ఫ్లోరిడా స్టేటే గెలిచింది. అక్టోబరు 18, శుక్రవారం రాత్రి, డరమ్‌లో ఆ వరస తెగింది. డ్యూక్ ఆ రాత్రి మొత్తం మీద 200 గజాలు కూడా కదల్లేదు. మామూలుగా అంత తక్కువ కదిలిన జట్టు గెలవదు. ఫ్లోరిడా స్టేట్ నాలుగుసార్లు బంతి పోగొట్టుకుంది. అందులో ఒక పాస్‌ను డ్యూక్ కార్నర్‌బ్యాక్ చాండ్లర్ రివర్స్ అందుకుని నేరుగా ఎండ్‌జోన్‌లోకి (గోల్ గీత అవతలి భాగం) తీసుకెళ్లాడు. ప్రత్యర్థి అఫెన్స్ మైదానంలోకే రాకుండా టచ్‌డౌన్ ఇచ్చుకున్నట్టు. మ్యాచ్ తేడా 7 పాయింట్లు. లెక్క మీరే వేసుకోండి.

ఇలాంటి మ్యాచ్‌ను స్కోరు చూసి అర్థం చేసుకోలేం. మ్యాచ్ వివరాల పట్టికలో మూడు వరసలు చూడాలి: ఎవరు ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నారు, మూడో డౌన్ ఎన్నిసార్లు నెగ్గారు, పరుగుకు సగటున ఎన్ని గజాలు. ఈ మూడూ చూశాక మొత్తం గజాలు చూడండి. వరస తిరగేస్తే మోసపోతారు.

డబ్లిన్ ఓటమే అన్నిటికీ మొదలా?

తేదీల ప్రకారం అదే మొదలు. అవీవా స్టేడియంలో 21-21 దగ్గర ఉండగా జార్జియా టెక్ చివరి డ్రైవ్‌లో గడియారాన్ని మింగుతూ ముందుకొచ్చి, సమయం అయిపోతుండగా ఏడెన్ బిర్ 44 గజాల ఫీల్డ్ గోల్‌తో ముగించింది. ఆ రోజు చాలామంది "ప్రయాణ బడలిక, మొదటి మ్యాచ్, సర్దుకుంటారు" అన్నారు. కానీ ఆ మ్యాచ్‌లోనే రెండు లైన్లూ వెనక్కి నెట్టబడ్డాయి. అఫెన్స్ వైపు దారి తెరుచుకోలేదు, డిఫెన్స్ వైపు జార్జియా టెక్ పరుగు ఆగలేదు. తొమ్మిది రోజులకు బోస్టన్ కాలేజ్ వచ్చి అదే పని చేసింది. ఒకసారి జరిగితే బడలిక అనుకోవచ్చు. రెండోసారీ అదే జరిగితే జట్టు స్వభావమే అది.

మూడోది మెంఫిస్. ఫ్లోరిడా స్టేట్‌కు రాకముందు 2016 నుంచి 2019 వరకు నార్వెల్ అక్కడే హెడ్ కోచ్. తన పాత జట్టు చేతిలో సొంత మైదానంలో ఓడి 0-3కి దిగడం ఆయనకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ జట్టులో బాగా ఆడినవాళ్లే లేరా?

ఉన్నారు, వాళ్ల పేర్లు తప్పకుండా చెప్పుకోవాలి. పంటర్ అలెక్స్ మాస్ట్రొమానో, ఆస్ట్రేలియా కుర్రాడు, ఆ ఏడాది ఆల్ అమెరికన్ (దేశంలోని మేటి ఆటగాళ్లకు ఇచ్చే గౌరవం). కిక్కర్ రయన్ ఫిట్జ్‌జెరల్డ్ సీజన్ మొత్తంలో ప్రయత్నించిన 13 ఫీల్డ్ గోల్స్‌లో 13 కొట్టాడు. డబ్లిన్‌లో కొట్టిన ఒకటి 59 గజాలు. 2-10 జట్టులో ఒక్కటీ తప్పని కిక్కర్ ఉన్నాడని చాలామందికి తెలియదు.

ఇందులో ఒక సంగతి దాగుంది. పంటర్ దేశంలోనే మేటిగా పేరు తెచ్చుకోవాలంటే పంట్ చేసే అవకాశాలు చాలా రావాలి, అంటే అఫెన్స్ పదేపదే ఆగిపోవాలి. మంచి జట్ల పంటర్లు చాలా సాయంత్రాలు బెంచీ మీదే గడుపుతారు.

బౌల్ గేమ్ ఆశ ఎప్పుడు పోయింది?

అక్టోబరు 26న, మయామీలో. సీజన్ తర్వాత జరిగే బౌల్ మ్యాచ్‌కు 12లో కనీసం 6 గెలవాలి. ఏడో ఓటమి పడగానే 6 అసాధ్యం. ఇది ఏ జట్టుకైనా పనికొచ్చే లెక్క: గెలుపులు లెక్కపెట్టకండి, ఓటములు లెక్కపెట్టండి, 7 దగ్గర ఆగండి. ఎఫ్‌సీఎస్ జట్టుపై గెలుపు ఏడాదికి ఒక్కటే ఈ 6లో కలుపుతారు. బౌల్ చోట్లు మిగిలిపోతే 5-7 జట్లను చదువులో ప్రగతి చూసి పిలిచే వెసులుబాటు ఉంది గానీ 2-10కి దానితో పని లేదు.

కాలిఫోర్నియాతో పోలిస్తే బాగా అర్థమవుతుంది. కాన్ఫరెన్స్‌లో వాళ్లదీ 2-6 మాత్రమే, ఫ్లోరిడా స్టేట్ చేతిలో కూడా ఓడారు. కానీ కాన్ఫరెన్స్ బయటి నాలుగూ గెలిచి 6-6తో బౌల్‌కు వెళ్లారు. కాన్ఫరెన్స్ రికార్డు పట్టికలో స్థానాన్ని నిర్ణయిస్తుంది, బౌల్ అర్హతకు మొత్తం రికార్డు కావాలి.

ఇంతకంటే చెడ్డ సీజన్ ఫ్లోరిడా స్టేట్‌కు ఉందా?

1973లో 0-11, 1974లో 1-10. ఆ తర్వాత ఒక్క సీజన్లో పది ఓటములు 2024లోనే. 1976లో బాబీ బౌడెన్ కోచ్‌గా వచ్చి మొదటి ఏడాది 5-6తో ముగించాడు. 2009 వరకు, 34 సీజన్లలో, ఆయనకు ఓటములు ఎక్కువైన సీజన్ అదొక్కటే.

కోచ్‌ను ఎందుకు తీసేయలేదు?

నోటర్ డేమ్ ఓటమి మర్నాడే, నవంబరు 10న, అఫెన్సివ్ కోఆర్డినేటర్ అలెక్స్ అట్కిన్స్, డిఫెన్సివ్ కోఆర్డినేటర్ ఆడమ్ ఫుల్లర్, రిసీవర్స్ కోచ్ రాన్ డుగన్స్‌లను తొలగించారు. నార్వెల్ మాత్రం ఉండిపోయాడు. ముఖ్యమైన కారణం డబ్బు. 13-1 తర్వాత, 2024 జనవరిలో, ఏడాదికి కోటి డాలర్లకు పైగా జీతంతో 2031 వరకు ఒప్పందం రాసుకున్నారు. మధ్యలో తీసేస్తే మిగిలిన దాంట్లో అత్యధిక భాగం చెల్లించాల్సిందే. రెండో కారణం ఆయన గత రికార్డు: 3-6, 5-7, 10-3, 13-1, ఆ తర్వాత 2-10. పడిపోయిన చోటు నుంచి ఒకసారి లేపినవాడు మళ్లీ లేపుతాడేమో అన్న నమ్మకం అప్పట్లో కొంత ఉండేది.

ఆ చలికాలంలో అఫెన్స్‌కు గస్ మాల్జన్ వచ్చాడు. నార్వెల్ కోచింగ్ మొదలుపెట్టిన రోజుల్లో టల్సాలో ఈయన దగ్గరే పనిచేశాడు. 2013 సీజన్ జాతీయ ఫైనల్‌లో ఫ్లోరిడా స్టేట్ 34-31తో ఓడించిన ఆబర్న్ జట్టుకు కోచ్ కూడా ఈ మాల్జనే. డిఫెన్స్‌కు నెబ్రాస్కా నుంచి టోనీ వైట్ వచ్చాడు.

తర్వాతి ఏడాది బాగుపడ్డారా?

కొంత. 2025 ఆగస్టు 30న మొదటి మ్యాచ్‌లోనే అలబామాను 31-17తో ఓడించారు. 2024లో కొరవడిన పరుగు ఆట ఆ రోజు కనిపించింది. కానీ కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు మొదలయ్యాక మళ్లీ జారి 5-7తో ముగించారు, బౌల్‌కు ఒక్క గెలుపు తక్కువ.

ఇండియాలో ఈ మ్యాచ్‌లు ఎన్ని గంటలకు వస్తాయి?

నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికా తూర్పు సమయానికి తొమ్మిదిన్నర గంటలు కలపండి, ఆ తర్వాత పదిన్నర. శనివారం మధ్యాహ్నం 12కు మొదలైతే మనకు అదే రోజు రాత్రి 9:30, డబ్లిన్ మ్యాచ్ అలాగే వచ్చింది. రాత్రి 7:30 మ్యాచ్ అయితే మర్నాడు ఉదయం 5, నవంబరులో 6. బోస్టన్ కాలేజ్ మ్యాచ్ అక్కడ సోమవారం రాత్రి, ఇక్కడ మంగళవారం తెల్లవారుజాము. ఒక మ్యాచ్ దాదాపు మూడున్నర గంటలు పడుతుంది కాబట్టి ఆఫీసుకు వెళ్లేవాళ్లు మూడో క్వార్టర్ దాకానే చూడగలుగుతారు. 2024 సీజన్లో ఒక్కటే మళ్లీ చూడాలనుకుంటే డ్యూక్ మ్యాచ్ చూడండి. బంతి వెంట కాకుండా, ప్రతి మొదటి డౌన్‌లో ముందు వరసలోని అయిదుగురి కాళ్లు ఎటు కదులుతున్నాయో చూడండి.